ఎటూ కూర్చోని చినబాబు

చినబాబుని ఏదైనా అడగండి, రెండు జవాబులు చెబుతాడు. రెండూ నిజమే అనిపిస్తాయి. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. అబద్ధాలకోరు అయితే ఊరు ఎప్పుడో పట్టుకుని దులిపేసేది. ఇతను అలా కాదు. ఒక పూర్తి నిజం పక్కన ఇంకో పూర్తి నిజం పెట్టి, మీ మొహంకేసి చూసి నవ్వుతాడు. ఇంటికెళ్ళి బుర్ర గోక్కోవాల్సింది మీరు.

భావనపాడుకు కాస్త ఇవతల, సముద్రాన్ని ఆనుకున్న పేటలో అతని కాపురం. పడవలు ఒడ్డుకు రాగానే చేపలు వేలం వేసేది అతనే. పట్టుకొచ్చినవాడు తన చేపకు తగ్గ ధర రాలేదని ఏడవకూడదు, కొన్నవాడు ఎక్కువ పోశానని ఏడవకూడదు. ఒకే వంజరం చేపని చూపించి అమ్మేవాడితో “ఎండ తగిలి మెత్తబడింది, ఇంకేం పలుకుతుంది” అనాలి, అటు తిరిగి కొనేవాడితో “ఇప్పుడే నీళ్ళలోంచి తీసింది, మొప్పలు చూడు” అనాలి. పాతికేళ్ళుగా చేస్తున్న పని. చేతికి అంటిన నీచు వాసన సబ్బుతో పోతుందేమో గానీ నాలుకకు పట్టిన అలవాటు పోతుందా?

అతని భార్య దుర్గ ఈ విషయంలో ఎప్పుడో చేతులెత్తేసింది. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే, నచ్చలేదని ఎలా అంటామండీ అన్నాడట ఈ పెద్దమనిషి. ఆ మాటకు ఆమె తండ్రి మూడు రోజులు అన్నం సయించక తిరిగాడు. ఇప్పటికీ దుర్గ కుళాయి దగ్గర ఆడవాళ్ళతో అంటూ ఉంటుంది, “మా ఆయన్ని వాన వస్తాదా అని అడిగితే, గొడుగు సగం తెరిసి సేతికిస్తాడు” అని. చినబాబు ఆ మాటకి కోపం తెచ్చుకోడు. సగం తెరిచిన గొడుగు వల్ల లాభాలేమిటో చెబుతాడు.

ఇలాంటి మనిషికి దేవుడిచ్చిన వరం కబడ్డీ. ఆడటానికి కాదు, ఆడినదాని గురించి మాట్లాడటానికి. పడుచువాళ్ళు ఇసకలో కూతలు పెట్టి ఆడే ఆ ఆట ఆ పేటకి ప్రాణం. పండగ లేకపోయినా సరే, పోటీ ఉండాలి. గెలిచి వస్తే ఊరంతా ఒక కుటుంబం, ఓడి వస్తే ఇంటికో కోచ్. గున్నమ్మ టీ కొట్టు ముందు బల్ల మీద ఆ కోచ్‌లందరూ చేరతారు. వాళ్ళందరిలోకీ పెద్ద చినబాబు. ఎవరు ఏ మాటంటే దానికి ఎదురు మాట అతని దగ్గర సిద్ధంగా ఉండేది. అతను లేకపోతే వాదన చప్పబడిపోతుందని గున్నమ్మ అతనికి అల్లం ఎక్కువేసి ఇచ్చేది.

ఆ జట్టుకి అసలైన కోచ్ దాలయ్య, అంటే చినబాబుకి సొంత బావ. అతను అప్ప అని పిలిచే అక్క కూర్మమ్మ మొగుడు. చినబాబు తల్లి చిన్నప్పుడే పోతే కూర్మమ్మే అతన్ని చంకనేసుకుని పెంచింది, పెళ్ళయి వెళ్తూ వెంట తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో తిన్న అన్నమే అతని ఒంట్లో సగం ఉంది. ఈనాటికీ వేలం అయిపోగానే ఒక పూట భోజనం అక్కడే.

దాలయ్య ఒకప్పుడు పెద్ద వలకి పెద్ద. పెద్ద వల అంటే ఒడ్డు నుంచి లాగేది. పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి వస్తారు. ఒడ్డున రెండు గుంపులు దూరం దూరంగా నిలబడి రెండు తాళ్ళూ లాగుతాయి. ఒక పక్క తొందరపడి ఇంకో పక్క వెనకబడిందా, చేపంతా ఆ సందులోంచి పోతుంది. అందుకని మధ్యలో ఒకడు నిలబడి తువ్వాలు ఊపుతూ సైగలు చేస్తాడు. ఈ పక్క ఆగండి, ఆ పక్క లాగండి, ఇక రెండు పక్కలూ దగ్గరికి రండి. కెరటాల హోరులో గొంతు వినపడదు, తువ్వాలొక్కటే కనిపిస్తుంది. దాలయ్య అదే తువ్వాలుతో కబడ్డీ ఆడించేవాడు. గీత అవతల నిలబడి నోరు మెదపకుండా తువ్వాలు కదిపితే, లోపల ఏడుగురూ వల తాళ్ళలా కదిలేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆట కన్నా ఆ తువ్వాలునే ఎక్కువ చూసేవారంటే అతిశయం కాదు.

తర్వాత్తర్వాత మోటారు బోట్లు వచ్చాయి. ఒడ్డుకి చేప రావడం తగ్గింది. పెద్ద వల లాగేందుకు అంతమంది మనుషులు దొరక్కుండా పోయారు. ఆ వల దాలయ్య ఇంటి వెనక తాటాకుల కింద పడి ఉంది. తువ్వాలు ఊపడానికి అతనికి మిగిలింది కబడ్డీ కోర్టు ఒక్కటే.

ఇంతలో టీవీలో కబడ్డీ మొదలైంది. రంగుల చాపల మీద, రంగుల దీపాల కింద, బూట్లేసుకుని ఆడుతున్నారు. పేటలో పడుచువాళ్ళు కళ్ళప్పగించి చూశారు. వాళ్ళకి ఆటగాళ్ళ కన్నా ముందు పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి కనిపించాడు. పాయింటు పోయినప్పుడల్లా చేతిలో పలక మీద ఏదో గీసి చూపిస్తున్నాడు. మన దాలయ్య మావ చేతిలో తువ్వాలు తప్ప ఏముంది అని వాళ్ళకి మొదటిసారి అనిపించింది.

అనిపించడానికి తగ్గట్టే నరసింగరావు వచ్చాడు. ఎచ్చెర్ల వైపు ఉండి చదువుకున్నవాడు, పక్క ఊరి బడిలో పిల్లలకి ఆటలు నేర్పే మాస్టరు. మంచివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చెడ్డవాడైతే ఈ కథ సులువుగా తేలిపోయేది. సాయంత్రాలు తన బండి మీద పేటకి వచ్చి, పైసా ఆశించకుండా కుర్రవాళ్ళ చేత కసరత్తు చేయించేవాడు. ఆటకు ముందు ఒళ్ళు ఎలా వేడెక్కించుకోవాలో, మోకాలు పోకుండా ఎలా దూకాలో చెప్పేవాడు. వాళ్ళ ఆట ఫోనులో తీసి వాళ్ళకే చూపించేవాడు. దాలయ్య కనిపిస్తే దండం పెట్టేవాడు.

ఇక టీ కొట్టు దగ్గర చూడాలి. ఒకరు దాలయ్య పక్షం, ఒకరు మాస్టరు పక్షం. మాస్టరు రాత్రిపూట అన్నం తగ్గించి గుడ్లు తినమంటున్నాడట, అంబలి తాగి ఇన్నేళ్ళు గెలవలేదా అని ఒక పక్క. అంబలి తాగి ఎంతవరకు గెలిచాం, జిల్లా దాటామా అని ఇంకో పక్క. చినబాబు పొద్దున దాలయ్య పక్షం మాట్లాడేవాడు. తడి ఇసకలో పరిగెత్తినవాడికి ఏ కసరత్తు కావాలండీ అనేవాడు. సాయంత్రానికి మాస్టరు పక్షానికి వచ్చేవాడు. తడి ఇసకలో పరిగెత్తిన కాళ్ళు చాప మీద జారవా అనేవాడు. ఎవరైనా పొద్దుటి మాట గుర్తు చేస్తే, అదీ నిజమే కదా అనేవాడు. అతనికి ఇందులో మోసం లేదు. నిజంగానే రెండూ నిజమనిపించేవి. ఎదుటి మనిషి ఏ మాట చెప్పినా లోపలికి రానిచ్చి కూర్చోబెట్టే మనసు అతనిది. దానికి వాకిలే తప్ప తలుపు లేదు.

అలా ఎంతకాలం సాగేదో గానీ, భోగాపురం దగ్గర జరిగిన పోటీతో కథ అడ్డం తిరిగింది. విమానాశ్రయం వస్తుందని అక్కడ అందరూ భూముల మాటలే మాట్లాడుకుంటున్న రోజులు. రైతుల ఊరు ఒకటి పెద్ద పోటీ పెట్టింది. దాలయ్య జట్టు చివరి ఆట దాకా వెళ్ళింది. అవతల ఆ ఊరి జట్టే. ఆఖరి కూత వాళ్ళది. మనవాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. కూతకొచ్చిన పొడుగువాడిని ముట్టుకోకుండా, అతని చేతికి దొరక్కుండా వెనక్కి వెనక్కి జరిగితే చాలు, అతను ఉత్తచేతులతో తిరిగి వెళ్తాడు, కప్పు మనది. ఆట తెలియని ముసలమ్మకి కూడా తెలిసే సంగతి.

దాలయ్య తువ్వాలు రెండు చేతులా పట్టుకుని దగ్గరికి లాగాడు. రెండు కొసలూ మూసేయండి, పట్టేయండి అని దాని అర్థం.

వల పెద్దగా బతికినవాడు మరి. వల్లోకి వచ్చిన చేపని పోనిమ్మని సైగ చెయ్యడం ఆ చేతులకు తెలియదు. ఏడుగురూ రెండు పక్కల నుంచీ మూసుకొచ్చారు. ఆ పొడుగువాడు బలమైనవాడు. ముగ్గురిని ఈడ్చుకుంటూ వెళ్ళి గీత మీద చెయ్యి వేశాడు. అంతే, కప్పు పోయింది. తిరుగు ప్రయాణంలో వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. దాలయ్య తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు మాత్రం ఊరంతా మాట్లాడింది. చినబాబు ఎప్పటిలాగే రెండు వైపులా మాట్లాడాడు. వదిలేయాల్సింది, నిజమే. అయితే పట్టేసి ఉంటే ఇవాళ దాలయ్యని భుజాల మీద ఊరేగించేవాళ్ళు కాదా? సైగ తప్పే. కానీ సైగ చేసినప్పుడు పట్టు సరిగ్గా పట్టాల్సింది కుర్రాళ్ళు కాదా? విన్నవాళ్ళంతా తల ఊపారు. ఇన్నాళ్ళూ తల ఊపి టీ తాగి వెళ్ళిపోయేవారు. ఈసారి వెళ్ళలేదు. దాలయ్యా, మాస్టరా, ఏదో ఒకటి తేలాలన్నారు.

ఆ సాయంత్రమే జట్టు నాయకుడు ధనరాజ్ వచ్చి చినబాబు పక్కన కూర్చున్నాడు. మంచి కూతగాడు, ఒళ్ళంతా ఆటే. వాళ్ళ నాన్న పడవ మీదకి రమ్మంటున్నాడు, వీడు పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో ఆట మీద వస్తుందని ఆశపడుతున్నాడు.

“మావా, నాకు వయసు ఎల్లిపోతన్నాది,” అన్నాడు. “ఈ ఆటకి ఇంకెన్నేళ్ళు పనికొస్తాను సెప్పు? దాలయ్య మావ దేవుడే, కాదన్ను. కానీ ఆ దేవుడికి మా ఊరు దాటి దారి తెల్దు కదా.”

చినబాబు లెక్క వేసుకున్నాడు. నిజమే కదా. ఈ కుర్రవాడు ఇంకో రెండేళ్ళు ఇలాగే ఉండిపోతే ఇక జీవితమంతా పడవే. పడవ తప్పని కాదు, కానీ వాడికి ఇష్టం లేదే. సరే చూద్దాంలే అని భుజం తట్టి పంపాడు. ధనరాజ్ ఆ తట్టడాన్ని ఒప్పుకోలు అనుకుని సంతోషంగా వెళ్ళాడు.

తెల్లారి భోజనానికి వెళ్తే కూర్మమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. దాలయ్య ఇంట్లో లేడు.

“ఒరే, మీ బావ ఆ పెద్ద వల మానేసిన కాణ్ణించి ఆ తువ్వాలు ఇంకెక్కడా ఊపింది నేదు,” అంది. “ఈ ఆట కూడా పోతే ఆ మనిసి పొద్దున్నే లేచి ఎక్కడికెల్తాడు? పంచాయితీ పెడతారంట. నువ్వు మీ బావ వైపు కూసో. ఇంకేటీ మాటాడకు. కూసుంటే సాలు.”

అదీ నిజమే. చినబాబు తల ఊపాడు. ఎప్పుడూ నోటితో ఏదో ఒకటి అనేవాడు ఊరికే తల ఊపేసరికి, ఆమె కూడా ఒప్పుకున్నాడనుకుని ఇంకో గరిటె పులుసు పోసింది. ఇప్పుడు ఇద్దరికి మాట ఇచ్చినట్టయింది. ఒక్కరికీ ఇవ్వలేదు కదా అని మనసుకి సర్ది చెప్పుకున్నాడు. మనసు సర్దుకోలేదు.

దారిలో అతనికో ఉపాయం తట్టింది. తట్టగానే పొంగిపోయాడు. మాస్టరు కోచ్‌గా ఉంటాడు, దాలయ్య మేనేజరుగా ఉంటాడు. టీవీలో జట్లకి ఇద్దరూ ఉంటారు కదా! ఎవరికీ పోయేదేమీ లేదు. అదే ఊపులో టీ కొట్టు దగ్గర చెప్పాడు. అందరూ ఆహా అన్నారు. ఇంతలో గున్నమ్మ గ్లాసులు కడుగుతూ, ఇంతకీ మేనేజరు చేసే పనేమిటి అని అడిగింది. ఎవరికీ తెలియదు. బస్సు మాట్లాడతాడని ఒకరు, నీళ్ళ సీసాలు మోస్తాడని ఒకరు, కప్పు ఇచ్చేటప్పుడు ఫొటోలో నిలబడతాడని ఒకరు. మేనేజరే పెద్ద, కోచ్ అతని కింద పనిచేస్తాడని ఇంకొకరు. అలాగైతే ఆఖరి కూతప్పుడు ఎవరి మాట వినాలి? చినబాబు ఆలోచించాడు. తెలియలేదు.

కులపెద్ద సూరయ్య దగ్గరికి ఆ ఉపాయం మోసుకెళ్తే, ఆయన చుట్ట తీసి పక్కన పెట్టి ఒకే మాట అన్నాడు. ఒక పడవకి ఇద్దరు చుక్కాని పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా అన్నాడు. చినబాబు దానికి కూడా, నిజమే అన్నాడు.

పంచాయితీ మర్నాడు సాయంత్రం ఒడ్డున. ఆ పేటలో పంచాయితీ తీరు వేరే. చేతులెత్తడాలు, చీటీలు వేయడాలు లేవు. సూరయ్య ఇసకలో కర్రతో ఒక గీత గీస్తాడు. ఒక మాట సముద్రం వైపు, ఇంకో మాట ఊరి వైపు. ఎవరికి ఏది నచ్చితే ఆ వైపు వెళ్ళి కూర్చోవాలి. ఎవరి గురించి పంచాయితీయో వాళ్ళు అక్కడికి రాకూడదు, మొహమాటాలు పడతారని. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎటూ కూర్చోనివాడు ఎవరైనా ఉంటే, ఓడినవాడి గడపకి ఆ కబురు మొయ్యాల్సింది వాడే. వాడికి ఎవరితోనూ పేచీ లేదు కాబట్టి. సూరయ్య అది కూడా చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ పేటలో ఎటూ కూర్చోనివాడు పుట్టి చాలా కాలమైంది.

దాలయ్యకి సముద్రం వైపు. మాస్టరుకి ఊరి వైపు. జనం లేచి కదిలారు. పెద్దవాళ్ళు, ఒకప్పుడు వల లాగినవాళ్ళు సముద్రం వైపు కూర్చున్నారు. కుర్రవాళ్ళూ వాళ్ళ తండ్రుల్లో కొందరూ ఊరి వైపు. ధనరాజ్ తల వంచుకుని వెళ్ళి కూర్చున్నాడు. చూపుకి రెండు వైపులా సమానంగానే ఉంది. ఇంకా కొంచెం మొగ్గు సముద్రం వైపే ఉందని కూడా అనుకోవచ్చు.

చినబాబు గీత మీద నిలబడిపోయాడు.

సముద్రం వైపు ఒక అడుగు వేశాడు, ధనరాజ్ తల ఎత్తి చూశాడు. వెనక్కి వచ్చాడు. దూరంగా ఆడవాళ్ళ మధ్య అప్ప నిలబడి ఉంది. ఆమె ముఖం ఇక్కడికి కనిపించదు గానీ, ఆ నిలబడ్డ తీరు కనిపిస్తోంది. ఎటు వెళ్తే ఎవరు చెడిపోతారు? బావ చేతులు ఏమవుతాయి? ఆ కుర్రవాడి కాళ్ళు ఏమవుతాయి? ఎవరిది న్యాయం అని కాదు, ఎవరిది అన్యాయం అని వెతికాడు. ఎక్కడా దొరకలేదు. అన్యాయం లేని చోట తీర్పు ఎలా చెప్తారో ఎవరైనా నేర్పితే బాగుండునని అనిపించింది. నేను కూర్చోకపోతే పోయేదేముంది, ఒక్క మనిషి లెక్క, ఎవరికీ చెడ్డ కాకుండా ఉంటాను అనుకున్నాడు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే సముద్రం వైపు కూర్చున్నవాళ్ళలో ఒకతను పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. చినబాబుకి వినిపించింది. సొంత బావమరిదే కూర్చోలేదు, ఇంట్లోవాళ్ళకి తెలియనిదా, మనకెందుకు అన్నాడు. అతను లేచి ఇసక దులుపుకుని ఊరి వైపు వెళ్ళాడు. పక్కవాడు వెళ్ళాడు. వాళ్ళని చూసి ఇంకొందరు వెళ్ళారు. చినబాబు అటూ ఇటూ చూశాడు. తను కదలకుండా నిలబడి ఉంటే ఊరు కదులుతోంది. ఆగండి, నేను అలా అనలేదు అని అరవబోయాడు. ఏమన్నాడో చెప్పాలిగా మరి, అసలు ఏమీ అనలేదే! సూరయ్య అప్పటికే కర్ర ఎత్తాడు. సముద్రం వైపు నలుగురైదుగురు ముసలివాళ్ళు మిగిలారు.

“మాస్టరే,” అన్నాడు సూరయ్య. తర్వాత చినబాబు వైపు తిరిగి, “కబురు నువ్వే మొయ్యాల,” అన్నాడు.

గోడ మీద పిల్లి అని లోకం ఊరికే తిడుతుంది గానీ, పిల్లికి ఆ గోడ మీద హాయిగా ఉంటుందని ఎవరు చెప్పారు? చినబాబు బావ ఇంటికి వెళ్ళే ఆ కాస్త దూరం ఎలా నడిచాడో అతనికే తెలియదు. దారిలో మాటలు పేర్చుకున్నాడు. కోచ్ అన్నవాడు ఆటకి పెద్దా, ఆటగాళ్ళకి పెద్దా అని మొదలుపెట్టి, కాలం మారింది, కానీ పాత పద్ధతి పోయేది కాదు, అయినా కొత్తవాళ్ళకి దారివ్వాలి, ఇచ్చినంతమాత్రాన... ఇలా పెద్ద మాటల మూట ఒకటి కట్టుకున్నాడు.

దాలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూర్మమ్మ అప్పటికే వచ్చి లోపల పొయ్యి దగ్గర ఉంది. ఆమె ఏమీ చెప్పినట్టు లేదు. చెప్పకూడదు, అది చినబాబు పని. చినబాబు అరుగు చివర కూర్చుని మూట విప్పాడు. టీవీ దగ్గర మొదలుపెట్టి పెద్ద వల దాకా వెళ్ళి, మళ్ళీ మాస్టరు మంచితనం దగ్గరికి వచ్చి, అక్కణ్ణుంచి భోగాపురంలో పట్టేయడం తప్పు కాదన్న చోటికి వెళ్ళాడు. దాలయ్య ఓపికగా విన్నాడు. ఎంతసేపటికీ ఒడ్డు రాకపోయేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“తీసేసినారేటి?” అన్నాడు.

“తీసేసినారు బావా.”

దాలయ్య తల ఊపాడు. అతని ముఖంలో కోపం లేదు. ఎదురుచూసిన మాటే కావచ్చు. భోగాపురం నుంచి వస్తున్న వ్యానులోనే తనకి తెలిసిపోయిందని, తన చేతులు చేసిన పని ఎవరో చెప్పక్కర్లేదని అన్నాడు. కుర్రవాళ్ళది తప్పు కాదన్నాడు. ధనరాజ్‌కి ఉద్యోగం వస్తే తనకన్నా సంతోషించేవాడు ఎవడున్నాడన్నాడు. చినబాబు గుండె తేలికపడింది. బావ అర్థం చేసుకున్నాడు, తనకి ఏ చెడ్డా లేకుండా గడిచిపోయింది అనుకున్నాడు. లేవబోయాడు.

“నువ్వెటు కూసున్నావురా?” అని అడిగాడు దాలయ్య.

లోపల గరిటె చప్పుడు ఆగింది.

“ఎటూ కూసోనేదు బావా.”

దాలయ్య సముద్రం వైపు తిరిగాడు. మాట్లాడినప్పుడు గొంతు పెద్దది కాలేదు, చిన్నదే అయింది.

“ఆ మాస్టరు వైపు కూసున్నా బాగుండేదిరా,” అన్నాడు. “మా సినబాబు ఆణ్ణి నమ్మినాడు, నాకన్నా మంచోడు కావాల అని నాను సరిపెట్టుకుందును. ఇన్నేళ్ళు నా సేతి కింద పెరిగినావు. నా గురించి నీకు ఏదీ అనిపించనేదేటి?”

చినబాబుకి ఎన్నో అనిపించాయి. అన్నీ ఒక్కసారే గొంతు దాకా వచ్చాయి. ఈ మనిషి పెద్ద వల దగ్గర నిలబడితే చిన్నప్పుడు తను ఆ తువ్వాలు కిందే ఆడుకున్న సంగతి, ఈ మనిషి కన్నా గొప్పవాడు లోకంలో లేడనుకున్న సంగతి, ఇప్పటికీ అలాగే అనుకుంటున్న సంగతి. మరి అలాగే అనుకుంటే ఎందుకు కూర్చోలేదు? మాస్టరు మాట కూడా నిజం కనక. అయితే బావ మీద ఉన్నది ఏమిటి, అది నిజం కాదా? పాతికేళ్ళుగా ఏ మాటకైనా రెండో మాట వెతికిపెట్టిన నాలుక మొదటి మాట కోసం తడుముకుంటూ ఉండిపోయింది. దాలయ్య మెల్లగా లేచి లోపలికి వెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కూర్మమ్మ కంచం తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. తినమని అనలేదు, వద్దని అనలేదు. పెట్టి పక్కనే నిలబడింది. ఆమె ఒక్క తిట్టు తిట్టినా అతనికి ప్రాణం కుదుటపడేది. చినబాబు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. అది బావ కోసం వచ్చిన ఏడుపో, తన కోసం వచ్చిందో అతనికి తేలలేదు, ఈ ఒక్కటైనా తేలితే బాగుండునని మాత్రం కంచం ముందు కూర్చుని గట్టిగా అనుకున్నాడు.